రెండెకరాల తోట, ఐదెకరాల అడవి, పాత ఇల్లు: ఆఫర్ పెట్టే ముందు

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ముందు చెప్తాను. ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో సొంత ఇల్లు ఉంది, ఇద్దరు పిల్లలు, మీ ఆయన వారానికి రెండు రోజులు ఆఫీసుకు వెళ్తే చాలు. హియర్‌ఫర్డ్‌షైర్‌లో విక్టోరియా కాలం నాటి ఇల్లు ఒకటి చూశారు. గ్రేడ్ టూ లిస్టెడ్, అంటే చారిత్రక కట్టడంగా ప్రభుత్వ జాబితాలో ఉన్నది. చుట్టూ రెండెకరాల తోట, వెనక ఐదెకరాల అడవి. పెద్ద రోడ్డు నుంచి ముప్పావు మైలు సన్నదారి. బోరు నీళ్లు, సెప్టిక్ ట్యాంక్, ఆయిల్ బాయిలర్. చెప్తున్న ధర 11.5 లక్షల పౌండ్లు. జూన్‌లో మంచి ఎండరోజు చూసొచ్చి ఇద్దరూ మనసు పారేసుకున్నారు. ఆఫర్ పెట్టొచ్చా, అడవి ఉండటం లాభమా తలనొప్పా అని అడిగారు.

పక్క కౌంటీలో ఇలాంటిదే, కాస్త చిన్నది, మేం పన్నెండేళ్ల కిందట కొన్నాం. మాది మొత్తం నాలుగెకరాలు. కొన్నందుకు బాధ లేదు. కానీ మొదటి మూడేళ్లలో తల ప్రాణం తోకకొచ్చింది, అదీ ముందే అడగాల్సినవి అడక్కపోవడం వల్ల.

టౌన్‌లో ఇంటికి నీళ్లు ఇవ్వడం, మురుగు తీసుకుపోవడం కంపెనీ చూసుకుంటుంది, రోడ్డు స్థానిక కౌన్సిల్ చూసుకుంటుంది. అక్కడ ఆ శాఖలన్నీ మీవే. ఒక చిన్న పంచాయతీకి సర్పంచ్ అయినట్టు లెక్క. మోటర్ పాడైతే లైన్‌మన్ మీరే, దారిలో చెట్టు పడితే రంపం పట్టుకుని వెళ్లేదీ మీరే. అందుకని బెడ్‌రూమ్‌ల సైజు, వంటగది టైల్స్ పక్కన పెట్టి, ఇంటికి ప్రాణం పోసే నాలుగైదు వాటి సంగతి ముందు తేల్చుకోండి.

మొదట దారి. ఆ ముప్పావు మైలు ఎవరిది? కౌన్సిల్ రోడ్డయితే మంచిదే. చాలాచోట్ల అది పక్క రైతు పొలంలోంచి పోయే ప్రైవేటు బాట, మీకు ఉండేది దారి హక్కు మాత్రమే. ఆ హక్కు కాగితాల్లో ఎలా రాసి ఉందో మీ సాలిసిటర్ (లాయర్) చేత అక్షరం అక్షరం చదివించండి. నడవడానికేనా, బండ్లకా? ఆయిల్ ట్యాంకర్ లాంటి పెద్ద లారీకి ఇబ్బంది లేదా? ఆ బాట కిందుగా కేబుల్, పైపు వేసుకునే హక్కు ఉందా? రిపేరు ఖర్చు ఎవరు ఎంత పెట్టుకోవాలి? మధ్యలో ఒక్క గజం భూమి వేరొకరి పేరున మిగిలిపోయినా రేపు అమ్మేటప్పుడు అది మీ మెడకు చుట్టుకుంటుంది.

తర్వాత నీళ్లు. బోరుకు రోజుకు 20,000 లీటర్ల లోపు వాడితే లైసెన్స్ అక్కర్లేదు, ఏ కుటుంబానికైనా అది చాలా ఎక్కువే. అసలు విషయం నీటి నాణ్యత. ఒకే కుటుంబం సొంతంగా ఉండే ఇంటి బోరును కౌన్సిల్ తనంతట తాను వచ్చి పరీక్షించదు, మనం అడగాలి. అమ్మేవాళ్లు ‘ముప్పై ఏళ్లుగా ఇవే తాగుతున్నాం’ అంటారు. అనొచ్చు, వాళ్ల కడుపులు అలవాటు పడి ఉంటాయి. పిల్లలున్నారు కాబట్టి బాక్టీరియా, నైట్రేట్, ఇనుము, మాంగనీస్ అన్నిటికీ ల్యాబ్ రిపోర్టు అడగండి. యూవీ ఫిల్టర్ ఉంటే దాని దీపం ఎప్పుడు మార్చారో కూడా.

ఇంకో మాట మాకెవరూ చెప్పలేదు. బోరు మోటర్ కరెంటుతో నడుస్తుంది, కాబట్టి కరెంటు పోతే నీళ్లూ పోతాయి. ఆయిల్ బాయిలర్ వెలగడానికీ కరెంటే కావాలి. మొదటి చలికాలంలో ఒక రాత్రి గాలివానకు లైన్ తెగి, తెల్లారి లేచి కొళాయి తిప్పితే గుర్రుమని గాలి వచ్చింది. స్నానాల తొట్టిలో నీళ్లు పట్టి పెట్టుకోవడం మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో అలవాటు, ఇంగ్లండ్‌లో మళ్లీ నేర్చుకున్నాను. 2021 నవంబర్‌లో ఆర్వెన్ తుఫానుకు ఉత్తర ఇంగ్లండ్, స్కాట్లండ్ పల్లెల్లో వేల ఇళ్లకు వారం దాటినా కరెంటు రాలేదు. ఒంటరిగా ఉన్న ఇంటికి లైన్ బాగు చేయడం సహజంగానే చివరికి పడుతుంది. చిన్న జనరేటర్ ఖర్చు ఇంటి ధరలోనే కలుపుకోండి. ఫోన్ సంగతీ అంతే. పాత రాగి తీగ ల్యాండ్‌లైన్లు 2027 జనవరికల్లా మూసేస్తున్నారు, కొత్త లైన్‌కు ఇంట్లో కరెంటు ఉండాలి. మొబైల్ సిగ్నల్ లేని చోట బ్యాటరీ బ్యాకప్ లేకపోతే అంబులెన్స్‌ను పిలవడానికీ దారి ఉండదు. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ప్రతి గదిలో ఫోన్ తీసి చూడండి.

సెప్టిక్ ట్యాంక్. ఇక్కడ నా డబ్బు పోయింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. 2020 జనవరి 1 నుంచి ఇంగ్లండ్‌లో సెప్టిక్ ట్యాంక్ నీళ్లు నేరుగా వాగులోకో కాలువలోకో వదలకూడదు. భూమిలోకి ఇంకిపోయే డ్రైనేజ్ ఫీల్డ్ ఉండాలి, లేదా చిన్న ట్రీట్‌మెంట్ ప్లాంట్ పెట్టుకోవాలి. మేం కొన్నప్పుడు ఇంటిని పరీక్షించిన సర్వేయర్ ‘ట్యాంక్ ఉన్నది, పరీక్షించలేదు’ అని ఒక్క ముక్క రాశాడు, మేం ఊరుకున్నాం. తర్వాత ఖాళీ చేసే లారీ అతను వచ్చి మూత లేపి, టార్చ్ వేసి, నన్ను పిలిచి చూపించాడు. ఇటుకల ట్యాంక్, ఒక పక్క గోడ లోపలికి ఉబ్బి ఉంది. బయటికి పోయే పైపు మా తోట చివర కాలువలోకే. కాలువ గట్టున గడ్డి అంత పచ్చగా ఎందుకుందో అప్పుడు తెలిసింది. కొత్త ప్లాంట్ పెట్టించి, తోట తవ్వి, మళ్లీ చదును చేయించేసరికి 13,000 పౌండ్లు దాటింది. చట్టం ప్రకారం అమ్మేవాళ్లు ఆ వ్యవస్థ గురించి మీకు రాతపూర్వకంగా చెప్పాలి. ఆ కాగితం మీద ఆధారపడకుండా, డ్రైనేజీ పని తెలిసిన మనిషి చేత మూత తీయించి, రంగు నీళ్లు పోయించి ఎక్కడ తేలుతున్నాయో చూడండి. పైపు వాగులోకి పోతున్నట్టు తేలితే కొత్త ప్లాంట్ ఖర్చంతా ధరలోంచి తగ్గించమని అడగడానికి మీకు గట్టి కారణం దొరికినట్టే.

ఇక అడవి. మనవాళ్లకు ఎకరాలంటే వెంటనే గుంటలు, సెంట్లు, ప్లాట్లు కళ్ల ముందు తిరుగుతాయి. మా బావగారు వచ్చి చూసి ‘వెనకాల నాలుగు ఇళ్లు వేయొచ్చు కదా’ అన్నారు. వేయలేం. ప్లానింగ్ అనుమతి లేని అడవి నేల అడవిగానే ఉంటుంది. ఒకవేళ ఎప్పటికైనా అనుమతి వస్తుందన్న అనుమానం ఉంటే, పెరిగే విలువలో వాటా అమ్మినవాళ్లకే వచ్చేలా ఓవరేజ్ అనే షరతు ముందే రాసి పెట్టుకుంటారు. మీ కాగితాల్లో అది ఉందేమో చూడండి. అడవిలో వేట హక్కులు, భూమి కింది ఖనిజాల హక్కులు వేరేవాళ్ల దగ్గర ఉండిపోవడం కూడా మామూలే. శనివారం పొద్దున్నే మీ అడవిలో తుపాకులతో మనుషులు తిరిగితే అప్పుడు తెలుసుకునే విషయం కాదది.

మన అడవే కదా అని చెట్లు కొట్టుకోవడానికి వీల్లేదు. ఇంగ్లండ్‌లో అడవుల సంగతి చూసే ప్రభుత్వ శాఖ, ఫారెస్ట్రీ కమిషన్, లైసెన్స్ కావాలి. లైసెన్స్ లేకుండా మూడు నెలలకు ఐదు ఘనపు మీటర్ల వరకు కొట్టుకోవచ్చు, అందులో అమ్మేది రెండు దాటకూడదు. మనకు పొయ్యి కట్టెలకు అది సరిపోతుంది. తోటలోని చెట్లకు ఈ లైసెన్స్ అక్కర్లేదు, కానీ ఐదెకరాల అడవిని ‘ఇదీ మా తోటే’ అంటే ఒప్పుకోరు. లైసెన్స్ ఇచ్చినా సాధారణంగా మళ్లీ నాటాలన్న షరతు ఉంటుంది. లేకుండా కొడితే పడే జరిమానాకు ఇప్పుడు పై పరిమితి లేదు. దీనికి తోడు కౌన్సిల్ వాళ్ల ట్రీ ప్రిజర్వేషన్ ఆర్డర్ (చెట్టును కాపాడే ఉత్తర్వు) ఉంటే తోటలోని ఒక్క కొమ్మ కోయడానికీ వాళ్ల అనుమతి కావాలి. ఆ ఆర్డర్లు ఏ చెట్ల మీద ఉన్నాయో కౌన్సిల్‌ను అడిగితే చెప్తారు.

కానీ నన్నడిగితే మీరు చూడాల్సింది కొట్టకూడని చెట్లకంటే కొట్టక తప్పని చెట్లను. ఆ అడవిలో యాష్ చెట్లు ఎన్ని, అవి ఎక్కడున్నాయి? యాష్ డైబ్యాక్ అనే ఫంగస్ తెగులు ఈ దేశంలో బయటపడింది 2012లో. ఇప్పుడు దాదాపు ప్రతి కౌంటీలోనూ ఉంది. మాకు దారి పక్కనే పదకొండు యాష్‌లు ఉండేవి. ఒక ఏడాది మే నెలాఖరుకు చుట్టూ అన్నీ పచ్చబడ్డాయి, వీటి చిటారు కొమ్మలు మాత్రం చీపురు పుల్లల్లా మిగిలాయి. దగ్గరికెళ్లి చూస్తే లేత కాండం మీద వజ్రం ఆకారంలో గోధుమ రంగు మచ్చలు, ప్రతి మచ్చ మధ్యలో ఎండిపోయిన చిన్న రెమ్మ. చెట్లు కొట్టే మనిషిని పిలిస్తే తాడు కూడా బండిలోంచి దించలేదు. కాండం మీద తట్టి, పైకి చూసి, ఎక్కనన్నాడు. ఈ తెగులు పట్టిన కర్ర పెళుసుబారుతుంది, మనిషి బరువుకే కొమ్మ విరగొచ్చు. మనిషిని తొట్టిలో పైకెత్తే చెర్రీ పికర్ బండి అద్దెకు తెప్పించాల్సి వచ్చింది, దానితో ఖర్చు దాదాపు రెట్టింపు అయింది. దారి మీద ఎవరి మీదైనా చెట్టు పడితే బాధ్యత భూమి యజమానిదే, కాబట్టి వాయిదా వేయడం కుదరదు. ఇంటికి, దారికి, కరెంటు తీగలకు అందే దూరంలో ఉన్న చెట్లు మాత్రం చాలు, ఆర్బరికల్చరిస్ట్ (చెట్ల నిపుణుడు) చేత ఒక రిపోర్టు రాయించుకోండి. కొన్నాక కూడా కొన్నేళ్లకోసారి రాయించండి. రేపు ఏదన్నా జరిగితే ‘మేం చూస్తూనే ఉన్నాం’ అని చూపించడానికి ఆ కాగితమే ఉంటుంది.

ఆ పదకొండు చెట్ల కట్టెలు మాకు మూడు చలికాలాలు వచ్చాయి. యాష్ కట్టె బాగా మండుతుంది. అయినా చీల్చి, గాలి తగిలేలా పేర్చి, తేమ 20 శాతం లోపుకి దిగేదాకా ఆగాలి. ‘సొంత అడవి, ఉచిత వేడి’ అని ఏజెంట్ అన్నాడని రాశారు. చీల్చేవాడికి, మోసేవాడికి కూలి లేకపోతే ఉచితమే.

అడవిలో వసంతంలో బ్లూబెల్స్ అనే నీలి పూలు నేలంతా పరుచుకుంటాయని ఫొటోలు పెట్టారు. చాలా బాగుంటుంది, నేను కాదనను. అది 1600 ముందు నుంచీ ఉన్న ప్రాచీన అడవి కావచ్చనడానికి ఒక గుర్తు కూడా. అలాంటి అడవి అని తేలితే ఏం చేయాలన్నా పరిశీలన పెరుగుతుంది. గబ్బిలాలు, బ్యాడ్జర్లు, డార్మౌస్‌లకు చట్టం రక్షణ ఉంది. అటకలో గబ్బిలాల గూడు ఉంటే కప్పు రిపేరు ఎప్పుడు, ఎలా చేయాలో మీ ఇష్టం కాదు. జింకలు మాత్రం మీరు నాటిన ప్రతి మొక్కనూ రుచి చూస్తాయి.

మీరు పంపిన మ్యాప్‌లో అడవిలోంచి పచ్చ గీతలు పోతున్నాయి. అది పబ్లిక్ ఫుట్‌పాత్. ఎవరైనా, ఏ రోజైనా, కుక్కతో సహా నడిచి వెళ్లొచ్చు. మూసేయలేరు, మళ్లించడం సాధ్యమే కానీ ఏళ్లు పట్టే పని. గేట్లు, దాటే మెట్లు బాగుంచడం, పక్కనుంచి వంగే కొమ్మలు కోయడం మీ పని. నాకైతే అది లోపంగా అనిపించదు. మాకూ ఒకటి ఉంది, రోజూ నడిచే ఒక పెద్దాయన వల్లే కంచె విరిగిందనీ, చెట్టు పడిందనీ మాకు తెలుస్తుంది. కానీ ప్రకటనలో ‘సంపూర్ణ ఏకాంతం’ అని రాసి, ఆ దారి వంటగది కిటికీకి ఇరవై గజాల్లోంచి పోతుంటే మాత్రం ధర దగ్గర ఆ మాట గుర్తు చేయండి.

లిస్టెడ్ గురించి ఒక్కటే చెప్తాను, మిగతాది సాలిసిటర్ చెప్తారు. అనుమతి లేకుండా మార్పు చేయడం నేరం. అంతకంటే ముఖ్యం, పాత యజమాని చేసిన తప్పును సరిదిద్దమని కౌన్సిల్ కొత్త యజమానినే అడగొచ్చు, దానికి కాలపరిమితి లేదు. వంటగది వైపు ప్లాస్టిక్ కిటికీలు ఉన్నాయని మీరే రాశారు. వాటికి అనుమతి కాగితం అడగండి. 1948 జూలై 1 ముందు నుంచి ఆవరణలో ఉన్న పాత గోడలు, కొట్టాలు కూడా సాధారణంగా ఆ లిస్టింగ్ కిందికే వస్తాయి.

పన్ను లెక్క. ఇంగ్లండ్‌లో ఇప్పటి రేట్ల ప్రకారం 11.5 లక్షలకు స్టాంప్ డ్యూటీ 58,750 పౌండ్లు. రెడింగ్ ఇల్లు అమ్మేసి ఇది కొంటే అంతే. దాన్ని అద్దెకిచ్చి ఉంచుకుందామనుకుంటే మొత్తం ధర మీద ఇంకో 5 శాతం, అంటే 57,500 కలిసి 1,16,250 అవుతుంది. మూడేళ్లలోపు పాత ఇల్లు అమ్మితే ఆ అదనం వెనక్కి అడగొచ్చు. మనవాళ్లు చాలామంది ఇక్కడ పొరబడే చోటు ఒకటుంది: ఇంకో ఇల్లు ఉందా అన్న లెక్కలో హైదరాబాద్ ఫ్లాట్ కూడా వస్తుంది. మీరు ఉంటున్న ఇల్లు అమ్మి, ఉండబోయే ఇల్లు కొంటున్నంతవరకు దాని వల్ల ఇబ్బంది లేదు. ఇక్కడ అద్దె ఇంట్లో ఉంటూ, అక్కడ ఫ్లాట్ ఉన్నవాళ్లకు మాత్రం దెబ్బ తగులుతుంది.

అడవి ఉంది కాబట్టి ‘మిక్స్‌డ్ యూజ్’, అంటే నివాసం కాని భూమి కూడా కలిసిన ఆస్తి, అని చూపించి డ్యూటీ 47,000కి దించొచ్చని ఎవరో చెప్పారన్నారు. దూరంగా ఉండండి. ఇంటితో పాటు వచ్చే తోట, ఆవరణ నివాస ఆస్తిలో భాగమే, ఎన్ని ఎకరాలున్నా సరే. ఇలాంటి కేసులు కోర్టు దాకా వెళ్లి కొన్నవాళ్లు ఓడిపోయారు. అడవిలో నిజంగా వ్యాపారం నడుస్తూ ఉంటే వేరే మాట, మీరు చూసిన అడవిలో బ్లూబెల్సే ఉన్నాయి. రేపు అమ్మేటప్పుడు కూడా ఒక చిక్కు ఉంది. సొంత ఇల్లు అమ్మితే వచ్చే లాభం మీద పన్ను మినహాయింపు అర హెక్టారు వరకు, అంటే సుమారు ఎకరం పావు వరకే నేరుగా వర్తిస్తుంది. మిగతా నేల ఆ ఇంటికి అవసరమని నిరూపించుకోవాలి. కొనేటప్పుడే ఇల్లు, తోట, అడవి విడివిడిగా విలువ కట్టిన కాగితం ఒకటి దగ్గర పెట్టుకుంటే అప్పుడు పనికొస్తుంది.

బ్యాంకు లోన్‌కు వెళ్లేముందు ఎకరాలు, బోరు, ట్యాంక్, లిస్టింగ్ అన్నీ బ్రోకర్‌కు మొదటి రోజే చెప్పండి. ఇన్ని ఎకరాలు దాటితే ఒప్పుకోని బ్యాంకులున్నాయి, ఆ విషయం ఆఖరి వారంలో తెలిస్తే వచ్చే టెన్షన్ మామూలుగా ఉండదు. ఇంటి సర్వేలో లెవెల్ త్రీ, అంటే అన్నిటికంటే వివరమైన దాని కంటే తక్కువది వద్దు.

ఆఫర్ విషయానికొస్తే, పెట్టండి. సంతకం చేసిన ఒప్పందాలు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునేదాకా ఎవరికీ కట్టుబాటు ఉండదు, మీరూ తప్పుకోవచ్చు, వాళ్లూ ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. కానీ పెట్టే ముందు ఇంకొక్కసారి వెళ్లి చూసి రండి, ఈసారి వానపడే రోజు సాయంత్రం, పిల్లల్ని అక్కడ చేర్చబోయే స్కూల్ నుంచి బయల్దేరి, ట్రాఫిక్‌లో, ఏజెంట్ లేకుండా ఆ లేన్ చివరిదాకా. ఎదురుగా ట్రాక్టర్ వస్తే ఎంత దూరం వెనక్కి తీయాలో చూసుకోండి. డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి పడుతుందనీ, మీ ఆయన ఆఫీసుకెళ్లే రెండు రోజులూ ఆ లేన్ మీద పిల్లల్ని మీరొక్కరే తెచ్చుకుంటారనీ లెక్కలో పెట్టుకోండి. మీ అత్తగారు, మామగారు ఆరు నెలలు వచ్చి ఉంటారన్నారు కదా, వాళ్లకు డ్రైవింగ్ రాకపోతే గుడికీ, దుకాణానికీ, డాక్టర్ దగ్గరికీ మీరే బస్సు. మా నాన్న మాత్రం వచ్చిన ప్రతిసారీ పొద్దున్నే బూట్లు వేసుకుని అడవిలోకి పోయి, టిఫిన్ వేళకు బురద కాళ్లతో తిరిగొస్తారు. ఊళ్లో ఉన్నట్టే ఉందంటారు.

ఒకటి మర్చిపోయాను. రెండెకరాల గడ్డి కోయడానికి కూర్చుని నడిపే మోవర్ అమ్మేవాళ్ల దగ్గర ఉందని రాశారు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా దాదాపు ప్రతి వారాంతం దాని మీదే ఉంటారు. ‘వదిలేసి వెళ్తాం’ అని నోటి మాటగా అంటే సరిపోదు. ఇంటితో పాటు ఏవి వదుల్తున్నారో రాసే ఫారమ్‌లో దాన్నీ, కట్టెలు చీల్చే మెషీన్‌నీ, ఆయిల్ ట్యాంక్‌లో మిగిలిన ఆయిల్‌నీ రాయించండి.